నేను సరిచేసిన వేలు

ఆయన తలకి నాలుగు టోపీలు పెట్టిన తర్వాత గాని ఆయన్ని నేను కళ్ళారా చూడలేదు. మన భాషలో టోపీ పెట్టడమంటే వేరే అర్థం ఉందని నాకూ తెలుసు. నేను పెట్టినవి మాత్రం నిజం టోపీలే, కుంచెతో, రంగుతో.

పోయిన నెల ఆయన చనిపోయాడు. మా ఆవిడ సుగుణ హాస్పిటల్ నించి ఫోన్ చేసింది. "ఏవండీ, మన క్యాచర్ గారు పోయారండీ. హార్ట్ ఎటాక్. ఎమర్జెన్సీకి తెచ్చేసరికే అయిపోయిందంట" అంది. బేస్‌బాల్ ఆటలో ఆయన నిలబడే చోటుకి ఆ పేరు, మా ఇంట్లో ఆయనకీ అదే పేరు. మర్నాడు పేపరంతా వెతికితే ఆటల పేజీలో అడుగున నాలుగు లైన్లు కనిపించాయి. ఫొటో లేదు. ఎన్ని జట్లకి ఆడాడో అదీ తప్పే. నాకు ఒళ్ళు మండింది. ఆయనే ఉంటే నవ్వేవాడు. "క్యాచర్‌ని ఎవరూ చూడరు పెయింటర్. చూశారంటే బంతి జారవిడిచాడన్న మాటే" అనేవాడు. నా పనికీ అదే వర్తిస్తుందని ఆయన వాదన. ఫొటోలో రిటచింగ్, అంటే దిద్దుబాటు, చేసినట్టు కనపడితే అది చెడిపోయిన పని.

తెనాలిలో ఒక ఫొటో స్టూడియోలో పన్నెండేళ్ళు రిటచింగ్ చేశాను నేను. పెళ్ళివారికి పంపే ఫొటోలో అమ్మాయి బుగ్గ మీది మచ్చ, పెద్దమనిషి మెల్లకన్ను, క్లిక్‌మనే సమయానికి సరిగ్గా కళ్ళు మూసుకున్న తాతగారు, అందరూ నా పెన్సిలు మొన కిందకి వచ్చి బాగుపడి వెళ్ళేవారు. లోపం కనిపించీ దిద్దకుండా వదిలేస్తే అది పని రాకపోవటం కాదు, పగబట్టటం కింద లెక్క. "ఉన్నది ఉన్నట్టు చూపించటానికి ఇంట్లో అద్దం ఉందిరా. మన దగ్గరికెందుకొస్తారు?" అనేవారు మా మేస్త్రి. ఆ మాట నా ఎముకల్లోకి దిగిపోయింది.

డెబ్బైల్లో సుగుణకి ఇక్కడ నర్సుగా ఉద్యోగం వచ్చింది. వెనకాలే నేనూ వచ్చాను. భార్య కొంగు పట్టుకుని అమెరికా వెళ్ళాడని మా చర్చిలో కొందరు నవ్వుకున్నారు. నిజమే. గట్టి కొంగు, చిరగలేదు. జెర్సీ సిటీలో ఇల్లు, పది నిమిషాల దూరంలో ఒక చిన్న ఆర్ట్ షాపులో నాకు పని. అక్కడికి వచ్చే పనిలో ముప్పాతిక వంతు బేస్‌బాల్ కార్డులదే. ఆటగాళ్ళ ఫొటోలు అట్టముక్కల మీద అచ్చేసి, బబుల్ గమ్ పొట్లాల్లో పెట్టి అమ్ముతారు ఇక్కడ. ముందువైపు బొమ్మ, వెనకవైపు అతను ఏ ఏడాది ఎలా ఆడాడో వివరం. మేము చిన్నప్పుడు అగ్గిపెట్టెల బొమ్మలు దాచుకున్నట్టే పిల్లలు వాటిని దాచుకుంటారు, మార్చుకుంటారు, కొట్టుకుంటారు.

ఒక జట్టు తన ఆటగాణ్ణి ఇంకో జట్టుకి ఇచ్చేస్తే కొత్త ఫొటో తీయించే వ్యవధి ఉండదు. పాత ఫొటో మీదే కొత్త జట్టు టోపీ, చొక్కా వేసేవాణ్ణి నేను. మన రాజకీయ నాయకులు కండువాలు వాళ్ళే మార్చుకుంటారు. వీళ్ళకి ఆ శ్రమ లేకుండా నేను మార్చేవాణ్ణి. ఐదేళ్ళలో నాలుగుసార్లు నా బల్ల మీదకి వచ్చిన ముఖం ఈయనది. ఎడమ కనుబొమ మీద ఒక కోత, నవ్వీ నవ్వని పెదవులు. ఆయన ఏ జట్టులోనూ నిలవడని నాకు తెలుసు, ఆయన గొంతు ఎలా ఉంటుందో తెలియదు.

ఒక చలికాలం సుగుణ వార్డులో ఆయన మోకాలికి ఆపరేషన్ అయింది. "బేస్‌బాల్ పేషెంటండీ. నా బాక్సులో పులిహోర సగం తినేశాడు. ఆవపెట్టినదని చెప్పినా వినలేదు" అంది సుగుణ. ఆమెని తీసుకురావటానికి వెళ్ళి వార్డులోకి తొంగి చూశాను. భూతద్దం కింద చూసిన ముఖం మంచం మీద పడుకుని జెల్లీ తింటోంది. ఆగలేకపోయాను. దగ్గరికి వెళ్ళి, "నేను మీకు నాలుగు టోపీలు పెట్టాను" అన్నాను నా ఇంగ్లీషులో. సుగుణ నా చెయ్యి పట్టి లాగింది. ఆయన స్పూను పక్కన పెట్టి ఆలోచించాడు.

"మూడోది కూడా నువ్వేనా? అందులో పక్కింటి పిల్లాడి టోపీ పెట్టుకున్నట్టున్నాను" అన్నాడు.

ఆ రోజు నించీ నన్ను పెయింటర్ అనే పిలిచాడు. మా ఇంటికి రాకపోకలు మొదలయ్యాయి. పెళ్ళాం వదిలేసి వెళ్ళిపోయింది, పిల్లలు లేరు. ఆట లేని నెలలన్నీ మా వీధికి నాలుగు వీధుల అవతల ఒక గదిలో ఉండేవాడు.

క్యాచర్ అంటే మన క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు. బ్యాట్ పట్టినవాడి వెనకాల గొంతుక్కూర్చుని బంతులు పడుతుంటాడు. ఎడమ చేతికి గ్లోవ్ ఉంటుంది, కుడి చెయ్యి బోడిది. బ్యాట్ అంచుకి తగిలి దారి తప్పిన బంతి వచ్చి ఆ బోడి చేతికే తగులుతుంది. ఆయన కుడి చెయ్యి చూడాలి మరి. చూపుడు వేలు మొదటి కణుపు దగ్గర పక్కకి తిరిగిపోయింది. ఉంగరం వేలు వంగదు. చిటికెన వేలు తక్కిన వాటితో తగువు పెట్టుకుని దూరం జరిగినట్టుండేది. మా ఇంట్లో కూర్చుని ఒక్కో వేలి చరిత్రా చెప్పేవాడు. ఇది ఒహాయోలో, ఇది టెక్సస్‌లో, ఇది ఫ్లారిడాలో వానపడ్డ రోజు. మన పెద్దవాళ్ళు చుట్టరికాలు కలుపుతూ పోయినట్టు ఎక్కడా తడుముకునేవాడు కాదు. ఎవరైనా దారి అడిగితే ఆ చూపుడు వేలితో చూపించేవాడు. వాళ్ళు వేలు తిరిగిన వైపుకి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. "నేను చూపించిన చోటికి ఈ దేశంలో ఎవడూ వెళ్ళలేదు" అనేవాడు.

క్యాచర్ తన కాళ్ళ మధ్య వేళ్ళతో సైగ చేస్తే, ఎదురుగా ఉన్నవాడు దాన్ని బట్టి బంతి వేస్తాడు. ఆ అలవాటు ఆయన్ని భోజనాల బల్ల దగ్గర కూడా వదల్లేదు. ఒక వేలు చూపిస్తే అన్నం, రెండు చూపిస్తే ఆవకాయ. సాయంత్రపు వెలుతురులో తన వేళ్ళు కనపడటం లేదని కుర్ర బౌలర్లు గొడవ చేస్తున్నారని ఒకసారి సుగుణని తెల్ల నెయిల్ పాలిష్ అడిగాడు. సుగుణ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పెళ్ళికూతురికి పెట్టినంత శ్రద్ధగా ఆ ఐదు గోళ్ళకీ రంగు వేసింది. ఆయన చెయ్యి ముందుకు చాపి ఆరబెట్టుకుంటూ, "మా నాన్న చూస్తే ఏమనేవాడో" అన్నాడు.

నాన్న మాట ఆయన ఎక్కువ ఎత్తేవాడు కాదు. ఎత్తినప్పుడల్లా చేతుల దగ్గరికే వచ్చి ఆగేది. ఆ పెద్దాయన పెన్సిల్వేనియాలో పలకరాయి గనిలో పని చేశాడు. మన మార్కాపురం పలకలు తీస్తారే, అలాంటి గని. ఆ ఊళ్ళో మగవాడి విలువ చేతులు చూసి కడతారట. ఈయన పంతొమ్మిదో ఏట గని పని మానేసి బేస్‌బాల్‌లోకి వెళ్ళిపోతుంటే, "ఆడుకుని బతికేవాడి చేతులెలా ఉంటాయో చూస్తాలే" అన్నాడట తండ్రి. అంతే, మాటలు తెగిపోయాయి. తల్లి అంత్యక్రియలకి ఒక్కసారి వెళ్ళాడు. మంచు కురుస్తోంది, చేతులకి గ్లోవ్స్ ఉన్నాయి. తండ్రి పలకరించలేదు, ఈయన గ్లోవ్స్ తియ్యలేదు. ఈయన ఇళ్ళు మారుతూ ఉంటాడు కాబట్టి కార్డుల కంపెనీకి తండ్రి అడ్రసే ఇచ్చాడు. కొత్త కార్డు అచ్చయినప్పుడల్లా ముందుగా ఆ ఇంటికే వెళ్ళేది. ఒక్కదానికీ జవాబు రాలేదు.

"ఒకసారి వెళ్ళి చెయ్యి చూపించి రాకూడదా?" అని అడిగాను.

"పిలిస్తే వెళ్తాను" అన్నాడు. తండ్రికి తగ్గ కొడుకు.

ఎనభైలు సగానికొచ్చేసరికి ఆయనకి ముప్పై ఐదు దాటాయి. జట్టులో మూడో క్యాచర్. అంటే ఆట జరుగుతుంటే మైదానం మూల ఒక షెడ్డులో కూర్చుని, తర్వాత బంతి వెయ్యబోయేవాడి చేత కాసిని బంతులు వేయించి వాడి చెయ్యి వేడెక్కిస్తాడు. జనం కేకలు వినపడతాయి, ఆట కనపడదు. ఇదే తన ఆఖరి సీజన్ అని ఆయనకి మొదటే తెలుసు. ఆ వసంతంలో ఆటల శిక్షణకి వెళ్ళి, మధ్యలో ఒక రోజు ఇటు వచ్చినప్పుడు ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాడు.

"ఈసారి మంచి ఫొటో తీయించుకున్నాను పెయింటర్. ఫొటోగ్రాఫర్‌ని బతిమాలి మరీ. రెండేళ్ళ నించి ఒకే జట్టులో ఉన్నాను కాబట్టి నీ టోపీలతో కూడా పని లేదు. వచ్చే ఏడాది కార్డు వస్తుంది. దాన్ని చూడమని నాన్నకి ఉత్తరం కూడా రాశాను."

ఆ ఉత్తరంలో ఏం రాశాడో చెప్పలేదు, నేను అడగలేదు. ఆ ఏడాది ఆకులు రాలే కాలంలో జట్టు ఆయన్ని వదిలేసింది. మా ఇంటికి వచ్చి, వంటింటి గడపలో నిలబడి, "ఇంక రావద్దన్నారు" అన్నాడు. సుగుణ కంచం పెట్టింది. ఆ రోజు వేళ్ళ సైగలు చెయ్యలేదు, పెట్టింది తిన్నాడు.

డిసెంబరులో ఆ ఫొటో నా బల్ల మీదకి వచ్చింది. వెనక ఒక బకెట్ ఉంది, దాన్ని తీసేయమని చీటీ. అంతకు మించి పని లేదు. ఆయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముఖం తొడుగు నెత్తి మీదకి జరిపి ఉంది. కుడి చెయ్యి మోకాలి మీద పరిచి, వేళ్ళు విడదీసి, కెమెరా వైపే పెట్టాడు. ఫొటోలో అన్నిటికన్నా ముందు కనిపించేవి ఆ వంకర వేళ్ళే.

నా గుండె చివుక్కుమంది. ఈ కార్డు వెళ్ళేది తండ్రి దగ్గరికి. పదహారేళ్ళుగా దూరంగా ఉన్న కన్నతండ్రికి బిడ్డ విరిగిన వేళ్ళు చూపిస్తారా ఎవరైనా? ఫొటోగ్రాఫర్‌కి బొత్తిగా బుద్ధి లేదనుకున్నాను. తెనాలిలో అయితే మా మేస్త్రి నెగెటివ్ చూడగానే తిట్టి నా చేతిలో పెన్సిలు పెట్టేవారు. బకెట్ తీసెయ్యటం పది నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత ఒక పూటంతా కూర్చుని చూపుడు వేలు సరిచేశాను. ఉంగరం వేలు మెల్లగా వంచాను. చిటికెన వేలిని తోబుట్టువుల దగ్గరికి తెచ్చాను. కణుపుల దగ్గర నీడలు, గోళ్ళ మీద మెరుపు, ఏదీ వదల్లేదు. అంత మంచి పని నేను మళ్ళీ చెయ్యలేదు. ఎవరికీ తెలియలేదు. ఆయనకి నేనిచ్చే కానుక అనుకున్నాను.

వసంతంలో కార్డులు బజారులోకి వచ్చాయి. మా తెలుగు ఆరాధన ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో జరిగేది. అయ్యాక అక్కడే భోజనాలు. ఆ ఆదివారం ఆయన్ని కూడా తీసుకెళ్ళాం. పాస్టర్ గారి ప్రసంగం ముక్క అర్థం కాకపోయినా కదలకుండా కూర్చున్నాడు. "గంటలకొద్దీ కూర్చోవటమే కదా నా వృత్తి" అన్నాడు. భోజనాల దగ్గర ఇక్కడే పుట్టిన మా సంఘం పిల్లలు కార్డుల పొట్లాలు విప్పి పంచుకుంటున్నారు. ఒక పిల్ల ఒక కార్డు చూసి పెదవి విరిచి నేల మీద పడేసింది.

"అదెందుకమ్మా పడేశావ్?" అన్నాను.

"అంకుల్, అది నాకు ఆల్రెడీ త్రీ ఉంది. హి ఈజ్ నోబడీ, అంకుల్. ఎవరూ ట్రేడ్ చెయ్యరు" అంది.

ఆ నోబడీ పక్కనే కూర్చుని పప్పన్నం తింటున్నాడు. వంగి కార్డు తీసుకున్నాడు. నేను ఆయన ముఖంలోకి చూస్తూ మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను. ఆయన కార్డు వైపు చూసి, తన చెయ్యి వైపు చూసుకుని, మళ్ళీ కార్డు చూశాడు.

"ఎవరు చేశారిది?" అన్నాడు.

"నేనే" అన్నాను గర్వంగా. "ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే."

నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. బంతి చెయ్యి జారి వెనక్కి దొర్లిపోయినప్పుడు క్యాచర్ తిరిగి చూసే చూపు అది. "నాన్నకి చేరిపోయి ఉంటుంది" అన్నాడు. "ఉత్తరంలో ఒకే ముక్క రాశాను. ఈసారి నా చెయ్యి చూడు అని."

నేను కంచం పక్కకి జరిపాను.

పది రోజులకి జవాబు వచ్చింది, పదహారేళ్ళలో మొదటిది. తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. కాగితం నడిమధ్య వణికే అక్షరాలతో ఒకే ఒక్క వాక్యం. "చూశాను. ఒక్క గీత కూడా పడలేదు." తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. నేను కల్పించి పంపిన అబద్ధాన్ని ఆ తండ్రి నమ్మాడు, ఎందుకంటే ఆయన మొదటి నించీ నమ్మాలనుకున్నది అదే.

సుగుణ ఉత్తరం చదివి మడిచింది. "తప్పు చేసింది మీరు. చెప్పాల్సిందీ మీరే. ప్రతి ఆదివారం లేచి సాక్ష్యం చెప్తారుగా, దేవుడు నాకిది చేశాడు అది చేశాడని? ఈ సాక్ష్యం కూడా చెప్పండి. శనివారం నాకు ఆఫ్" అంది.

"పిలవకుండా నేను వెళ్ళను" అన్నాడాయన.

"మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు? మేం వెళ్తున్నాం. మాకు రోడ్లు తెలీవు. దారి చూపించటానికి రండి" అంది సుగుణ ఇంగ్లీషులో, పేషెంటుకి మాత్ర మింగించే గొంతుతో.

శనివారం బయలుదేరాం. నేను డ్రైవ్ చేస్తుంటే ఆయన పక్కన కూర్చుని వేలితో దారి చూపించాడు. రెండుసార్లు తప్పిపోయాం. రెండో తప్పుకి ముగ్గురం నవ్వాం. గని ఊరు దగ్గర పడేకొద్దీ ఆయన రెండు చేతులూ కోటు జేబుల్లోకి వెళ్ళిపోయాయి, మళ్ళీ బయటికి రాలేదు.

పెద్దాయన వరండాలోనే ఉన్నాడు. ఎండిన చింతబరికెలా సన్నగా, నిటారుగా. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. కొడుకు వైపు చూసీ చూడనట్టు చూసి, మా ఇద్దరినీ ఎవరని అడిగాడు. వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి కాఫీ పోశాడు. కార్డు అక్కడే ఉంది, ఉప్పుడబ్బాకి ఆనించి. పారెయ్యలేదన్న మాట.

నేను లేచి నిలబడ్డాను. చర్చిలో నిలబడ్డట్టే. తెనాలి స్టూడియో గురించి చెప్పాను. మా దగ్గర ఫొటోలో లోపం వదిలెయ్యటం ఎంత పాపమో చెప్పాను. బకెట్ సంగతీ, చీటీ సంగతీ, ఆ వేళ్ళని ఒక్కొక్కటిగా ఎలా తిన్నగా చేశానో చెప్పాను. "మీ అబ్బాయి దాచలేదండీ. చూపించాలనే పెట్టాడు. దాచింది నేను" అన్నాను. నా ఇంగ్లీషు అటూ ఇటూ అయింది, ఏడుపు కూడా వచ్చింది. పెద్దాయన అంతా విన్నాడు.

తర్వాత కొడుకు వైపు తిరిగి, "బయటికి తియ్యి" అన్నాడు.

ఆయన జేబులోంచి కుడి చెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు. పెద్దాయన దాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళతో చూసినట్టు లేదు, కణుపు కణుపునా తడుముతూ వెళ్ళాడు, రాయిలో పొర ఎటు పోయిందో వెతికినట్టు.

"ఇది?"

"ఒహాయో."

"ఇది?"

"టెక్సస్‌లో ఒకసారి. ఆ పక్కది ఫ్లారిడాలో."

"డాక్టరు దగ్గరికి వెళ్ళలేదా?"

"మర్నాడు ఆట ఉంది."

పెద్దాయన తలాడించాడు. ఆ జవాబు ఆయనకి తెలిసిన భాషలో ఉందనుకుంటాను. నా వైపు చూసి, "దీన్ని సరిచెయ్యటానికి నీకెంతసేపు పట్టింది?" అని అడిగాడు.

"ఒక పూట" అన్నాను.

"వీడికి పదహారేళ్ళు పట్టింది" అన్నాడు. రెండు వేళ్ళు లేని చేత్తో కార్డుని బల్ల మీద నా వైపుకి నెట్టాడు. "ఇది నువ్వు పట్టుకెళ్ళు. నాకొద్దు" అన్నాడు. కుడి చేత్తో పట్టుకున్న కొడుకు చెయ్యి మాత్రం వదల్లేదు.